ఒడ్డు పరిమళం

సెంట్ల మీద తెలుగులో పుస్తకం రావడమే అరుదు. అందులోనూ సముద్రాన్ని తలపించే సెంట్లు ఎలా పుట్టాయి, వాటిలో ఏముంటుంది, మనుషులు వాటిని ఎందుకంతగా ఇష్టపడతారు అన్న ఒక్క విషయం పట్టుకొని పుస్తకం నిండా రాయాలంటే చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం చేసింది నా దగ్గర రసాయనశాస్త్రం చదువుకున్న అమ్మాయి కావడం, ముందుమాట నన్నే రాయమని అడగడం నాకు పట్టలేని సంతోషం. రాతప్రతి చేతికందిన రోజునే ఆబగా చదివేశాను. తర్వాత ఆమె ఇచ్చిన చిన్న చిన్న సీసాలు పక్కన పెట్టుకొని, ఏ అధ్యాయానికి ఆ వాసన చూసుకుంటూ నిదానంగా మళ్ళీ చదివాను. పాఠకులకు ఆ సీసాలు ఉండవు కాబట్టి, రెండోసారి చదివినప్పుడు నాకు తోచినవి కొన్ని ఇక్కడ చెబుతాను.

అసలు ప్రశ్నను రచయిత్రి మొదటి పేజీలోనే వేసింది. గులాబీలను నీళ్ళలో వేసి బట్టీ పెడితే అత్తరు దిగుతుంది. వట్టివేళ్ళు, గంధపు చెక్క, మొగలిపూలు, ఆఖరికి కాల్చిన మట్టి కూడా తమ పరిమళాన్ని మనిషి చేతికి ఇస్తాయి. సముద్రం ఇవ్వదు. ఉప్పునీళ్ళు ఎంత కాచినా అడుగున ఉప్పు, పైన ఆవిరి, అంతే. మరి సీసా మీద అల బొమ్మ వేసి అమ్మే సెంటులో ఉన్నదేమిటి?

ఆమె జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే: ఒడ్డు. ఫలానా ఊరి ఒడ్డు. అక్కడి పొదలు, అక్కడి చెట్ల జిగురు, ఎండకు కాగిన రాళ్ళు, వాటి మీదుగా నీటి పైకీ నీటి మీదుగా వాటి పైకీ తిరిగే గాలి. సుగంధకారుడు తయారుచేసేది ఆ గాలిని. దాన్ని పీల్చి సముద్రం అనుకునేది మనం. పుస్తకంలోని అధ్యాయాలన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతాయి. దీనితో నాకు పూర్తి ఏకీభావం ఉంది కాబట్టే ఈ నాలుగు మాటలు మనస్ఫూర్తిగా రాయగలుగుతున్నాను.

సముద్రానికి సొంత వాసన లేదని కాదు. దాని మీద ఒక అధ్యాయమే ఉంది, అది చాలా బాగుంది. నీళ్ళలో తేలాడే కంటికి కనిపించని వృక్షప్లవకాలు ఒంట్లో గంధకం కలిసిన ఒక పదార్థాన్ని దాచుకుంటాయి. అవి చచ్చినప్పుడో, వాటిని మరో జీవి మేసినప్పుడో అది నీళ్ళలో కలుస్తుంది. దాన్ని బాక్టీరియా విరగ్గొడితే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. బీచిలో దిగగానే ముక్కుకు తగిలే మొదటి వాసనలో దీని వాటా పెద్దది. బాక్టీరియాలో ఆ పని చేయించే జన్యువును ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ జాన్‌స్టన్ బృందం 2007లో గుర్తించింది. తీరంలోని ఉప్పు బురదలో బతికే సూక్ష్మజీవుల్లో వాళ్ళకది దొరికింది. చిక్కగా ఉంటే ఉడికిన క్యాబేజీ కంపు కొట్టే ఈ వాయువే బాగా పలచబడితే సముద్రపు గాలి అవుతుంది. ఈ వాసన పట్టుకొనే కొన్ని సముద్రపక్షులు మేత ఉన్న చోటికి పోతాయని గాబ్రియెల్ నెవిట్ 1990ల్లో చూపించారు. ఇదే వాయువు ఆకాశంలో మార్పు చెంది, మబ్బు కట్టడానికి కావలసిన సన్నని నలుసుల్లో కొన్నింటిని అందిస్తుంది. ఒక వాసన వెనక ఇంత పెద్ద కథ ఉందని కాలేజీ పిల్లలకు తెలియాలి. దీనికి తోడు గోధుమరంగు నాచులు విడిచే పదార్థాలు, చేపల్లో రొయ్యల్లో ఉండే బ్రోమోఫినాల్స్ కూడా కలిసి మనకు తెలిసిన ఆ ఉప్పుటి, కాస్త అయోడిను వాసన తయారవుతుంది.

ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు సీసాలో పోస్తే ఏమవుతుందో తెలియాలంటే విశాఖ ఫిషింగ్ హార్బరులో తెల్లవారకముందే వేలం పాడే చోట నిలబడాలి. కరుగుతున్న ఐసు, తడి వలలు, డీజిలు, తట్టల్లో మెరిసే వంజరాలు, కానాగంతలు. ఆ వాసనంటే నాకు గౌరవం. వేల కుటుంబాలకు అన్నం పెట్టే వాసన అది. కానీ దాన్ని ఒంటికి పూసుకొని పెళ్ళికి వెళ్ళాలని ఎవరికీ అనిపించదు. సముద్రంలోంచి ఏది తీసుకోవాలి, ఏది వదలాలి, తీసుకున్నదానికి నేల నుంచి ఏది జోడించాలి అన్న దగ్గర సుగంధకారుడి పని మొదలవుతుంది.

ఆ పనికి తలుపు తెరిచింది ఒక మందుల కంపెనీ. 1966లో ఫైజర్ రసాయనవేత్తలు మనసును నెమ్మదింపజేసే మందుల మీద పనిచేస్తూ ఒక కొత్త పదార్థం తయారుచేశారు. దాని వాసన అంతకుముందు ఎవరూ ఎరగనిది. ఫ్రాన్సులో సెంట్లకు పుట్టిల్లయిన గ్రాస్ పట్టణంలో కమీలీ, ఆల్బెర్, లాలూ అనే సుగంధద్రవ్యాల సంస్థ అప్పట్లో ఫైజర్ చేతిలో ఉండేది. ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి కలోన్ అని పేరు పెట్టారు. చాలాకాలం అది ఎక్కడో ఒక చుక్కగా తప్ప వాడుకలోకి రాలేదు. పేటెంటు గడువు తీరుతున్న 1980ల చివర్లో దానికి మహర్దశ పట్టింది. 1988లో వచ్చిన అరామిస్ వారి ‘న్యూ వెస్ట్’లో అది ధైర్యంగా ముందుకొచ్చి నిలబడింది. తర్వాత పదేళ్ళపాటు ప్రపంచమంతా నీళ్ళ సెంట్లే.

ఈ కలోన్ అధ్యాయం రాస్తున్న రోజుల్లో రచయిత్రి ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. వరండాలో కూచుని సంచిలోంచి వాసన చూసే కాగితపు పట్టీలు తీసి, మొదటి పట్టీని నూటికి ఒక వంతుగా పలచన చేసిన కలోన్‌లో ముంచి నా చేతికిచ్చింది. మొదట తగిలింది అప్పుడే కోసిన పుచ్చకాయ. ఎర్రటి తీపి గుజ్జు కాదు, తొక్క పక్కన ఉండే తెల్లటి చప్పని భాగం. దాని వెనకాల ఆల్చిప్ప లోపలి తడి, ఇంకా వెనక్కి వెళ్తే చల్లని ఇనుము. పట్టీ బల్ల మీద పెట్టి మాట్లాడుకుంటుండగా లోపలి నుంచి మా ఆవిడ వచ్చి, “కీరదోసకాయ ఎవరు కోశారు?” అని అడిగింది. అమ్మాయి నవ్వి రెండో పట్టీ తీసింది. అందులో కలోన్‌ను ఇంకా పదో వంతుకు దించి, దానికి బెర్గమోటు నిమ్మ నూనె, రోజ్‌మేరీ, లావెండరు, కాస్త దేవదారు చెక్క నూనె కలిపింది. “మాస్టారూ, ఇప్పుడు కళ్ళు మూసుకోండి” అంది. మూసుకున్నాను. పుచ్చకాయ ఎక్కడా లేదు. ఎండకు కాగిన కొండ వాలు, దాని మీద ఎండి పెళపెళలాడే పొదలు, కింద చాలా దూరంలో నీళ్ళు. ఎండలో నిలబడి ఉన్నా ముఖానికి చల్లగాలి తగులుతున్న భావన.

ఆ రెండు పట్టీల మధ్య తేడాయే ఈ పుస్తకం. కలోన్ పులుసులో ఇంగువ వంటిది. ఉందని తెలియకూడదు, లేకపోతే మాత్రం తెలియాలి. సముద్రాన్ని లేపి నిలబెట్టేది దాని పక్కన చేరిన ఆకుల, కాడల, చెక్కల ఘాటు. సెంట్ల వాళ్ళు ఆరోమాటిక్ అని పిలిచే ఆకుపసరు కుటుంబం ఇదే: రోజ్‌మేరీ, లావెండరు, సేజ్, థైమ్. ఇవన్నీ మధ్యధరా సముద్రం చుట్టూ రాళ్ళ నేలల్లో, ఉప్పుగాలికి ఎదురొడ్డి పెరిగే మొక్కలు. ఎండకు తట్టుకోవడానికి ఆకుల్లో నూనె దాచుకుంటాయి, ఎండ పెరిగేకొద్దీ ఆ నూనె గాలిలోకి వదులుతాయి. ఓడలో వచ్చేవాడికి కొండ కనిపించకముందే పొద వాసన తగులుతుంది. తాను పుట్టిన దీవి కోర్సికాను కళ్ళు మూసుకున్నా వాసనతో గుర్తుపడతానని నెపోలియన్ అన్నట్టు ప్రతీతి.

1988లోనే డేవిడాఫ్ కంపెనీకి పియేర్ బుర్దోన్ కట్టిన ‘కూల్ వాటర్’ ఈ కుటుంబంలో పేరున్న బిడ్డ. అది కలోన్ బలం మీద నిలబడ్డది కాదు. పుదీనా, లావెండరు, రోజ్‌మేరీలకు తోడు డైహైడ్రోమిర్సెనాల్ అనే పదార్థాన్ని పెద్ద మోతాదులో వాడి బుర్దోన్ ఆ చల్లదనం తెచ్చాడు. నిమ్మకూ లావెండరుకూ మధ్యన ఎక్కడో ఉండి, కాస్త లోహపు పదును తగిలే ఆ పదార్థం అంతకుముందు బట్టలసబ్బుల్లో, డిటర్జెంట్లలో బాగా నలిగినదే. చాకిరేవు నుంచి దాన్ని తెచ్చి సింహాసనం మీద కూచోబెట్టిన పనితనాన్ని రచయిత్రి ఒక రసాయనవేత్త ఓపికతో, ఒక రసికురాలి ఆనందంతో వివరించింది.

పుస్తకానికి తలమానికం మాత్రం పాంతెల్లెరియా అధ్యాయం. 1996లో అర్మానీ పేరుతో వచ్చిన ‘ఆక్వా ది జియో’ గురించి ప్రపంచంలో చాలామందే రాశారు. అల్బెర్తో మొరియాస్ దాని ప్రధాన శిల్పి అనీ, జార్జియో అర్మానీకి సెలవుల ఇల్లు ఉండిన పాంతెల్లెరియా దీవి దానికి ప్రేరణ అనీ అందరూ చెప్పేదే. మన రచయిత్రి అక్కడితో ఆగకుండా ఆ దీవి ఎలాంటిదో చూసింది. సిసిలీకీ ట్యునీషియాకూ నడుమ, ఆఫ్రికా ఒడ్డుకే దగ్గరగా ఉన్న అగ్నిపర్వతపు దీవి అది. నల్లరాయి, ఆగని గాలి. ఆ గాలికి తట్టుకోలేక అక్కడి రైతులు ద్రాక్షను పందిరి ఎక్కించరు. నేలలో గుంట తీసి, అందులో మొక్కను పొట్టి పొదగా పెంచుతారు. ఆ సాగు పద్ధతిని యునెస్కో 2014లో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. గోడల సందుల్లో కేపర్ మొగ్గలు కాస్తాయి. అన్నిటికంటే నన్ను కదిలించింది అక్కడి తోట. తోట అంటే కొన్నిచోట్ల ఒక్క చెట్టే! ఒక నిమ్మ చెట్టునో నారింజ చెట్టునో ఉప్పుగాలి నుంచి కాపాడటానికి దాని చుట్టూ గుండ్రంగా, ఎత్తుగా, నల్లరాళ్ళతో గోడ కట్టి, లోపలికి చిన్న గుమ్మం పెడతారు.

ఇప్పుడు ఆ సెంటు విప్పి చూడండి. పైన నిమ్మజాతి పళ్ళు. వాటి కింద ఉప్పుగాలి, రోజ్‌మేరీ. నడుమ మల్లె తెల్లదనం. అది హెడియోన్ అనే పదార్థం ఇచ్చేది, ఆ పదార్థం కూడా కలోన్ పుట్టిన 1966లోనే ‘ఓ సోవాజ్’ అనే సెంటుతో లోకానికి పరిచయమైంది. అడుగున దేవదారు, పచౌలీ. రాతిగోడ లోపలి నారింజ, గోడ అవతలి పొద, పొద అవతలి నీళ్ళు. మొరియాస్ మనసులో సరిగ్గా ఇదే ఉందని రచయిత్రి అనదు. అది ఆమె సంయమనం. కానీ దీవి పటాన్నీ సెంటు పొరలనూ పక్కపక్కన పెట్టి చూపించిన ఆ పేజీలు చదివాక నాకు ఆ సీసా వాసన ఇదివరకటి కంటే లోతుగా అందింది. ఒక వ్యాసం చేయగలిగిన గొప్ప పని అంతకంటే ఏముంటుంది?

ఇలాంటి సెంట్లు మన దగ్గర ఎందుకు ఇంతగా చెల్లుతాయో కూడా ఆమె ఆలోచించింది. ఈ ప్రశ్న మీద నాకూ ఒక అభిప్రాయం ఉంది. కోస్తాలో మే నెల మధ్యాహ్నం, గాలి నీళ్ళు పట్టి బరువెక్కి ఉన్నప్పుడు, ఊద్ గానీ శమామా గానీ ఏదో ఒక బరువైన అత్తరు పూసుకున్న మనిషి పక్కన కూచుంటే ఊపిరాడదు. చలికాలపు సాయంత్రానికి అవి రాజభోగం, ఉక్కపోతకు కాదు. సముద్రపు సెంటు చేసే ఉపకారం, అది మనిషి చుట్టూ కాస్త ఖాళీ జాగా వదులుతుంది. వేసుకున్నవాడి కంటే ముందు గదిలోకి రాదు. చెమటతో కలిసినా పులవదు, ఎందుకంటే దానిలోనే ఉప్పు భావన ఉంది. పల్లె బస్సుల్లో, ఇరుకు ఆఫీసుల్లో నలుగురితో కలిసి బతికే మనవంటి జనానికి ఇది చిన్న విషయం కాదు.

ఇంకొకటి. చార్మినార్ దగ్గర అత్తరు కొట్లలో రూహ్ గులాబ్, మజ్మువా సీసాల పక్కనే ‘కూల్ వాటర్’ అని చీటీ అంటించిన నూనె సీసా కూడా ఉంటుంది. దాన్ని అడిగి కొనుక్కునే కుర్రవాళ్ళలో ఎంతమంది సముద్రం చూశారో! దక్కను రాతి మీద పుట్టి పెరిగినవాడికి ఆ చుక్క ఒక వైశాల్యాన్ని ఇస్తుంది. సముద్రం పక్కన పుట్టినవాడికి అది జ్ఞాపకం, దూరాన పుట్టినవాడికి కోరిక. రెండిటినీ ఒకే సీసా తీరుస్తోందంటే దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. “ఇవన్నీ బాత్‌రూము సబ్బు వాసనలు” అని ముక్కు విరిచే పెద్దమనుషులు నాకు తెలుసు. 1990ల్లో కలోన్‌ను గుప్పిళ్ళతో పోసి చేసిన నాసిరకం సరుకు చూసి వాళ్ళలా అంటారు. ఆ దశాబ్దపు అతిని రచయిత్రి కూడా దాచిపెట్టలేదు, గట్టిగానే రాసింది. కానీ ఒక రాగాన్ని చెడగొట్టిన పాటగాళ్ళను బట్టి రాగాన్ని తూచడం న్యాయం కాదు.

అంబరు గురించి రెండు ముక్కలు. స్పెర్మ్ తిమింగలం పేగుల్లో, అది మింగిన స్క్విడ్ల గట్టి ముక్కుల చుట్టూ పేరుకొని, బయటపడి, ఏళ్ళ తరబడి ఎండకు మాగి, ఉప్పునీట నాని సుగంధమయ్యే ఆ ముద్ద మాత్రం నిజంగా సముద్రం మనకిచ్చిన పరిమళమే. మన దేశంలో ఆ తిమింగలానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఒడ్డున దొరికినా సరే, అంబరు దగ్గర ఉంచుకోవడం, అమ్మడం నేరం. ఈ సంగతి పుస్తకంలో పెద్దక్షరాల్లో ఉండటం మంచిది. ఆ అవసరమూ ఇప్పుడు లేదు. క్లారీ సేజ్ అనే ఆకుమొక్క నుంచి తీసిన స్క్లారియోల్‌ను మార్చి, అంబరులో ఉండే ముఖ్య పరిమళాన్ని తయారుచేసే దారి 1950 నాటికే ఫిర్మెనిష్ రసాయనవేత్తలకు దొరికింది. నేటి సముద్రపు సెంట్లు సాయంత్రం దాకా ఒంటిని పట్టుకొని ఉంటున్నాయంటే చాలావరకు దాని చలవే. ఇక్కడ కూడా తిమింగలం వదిలిన చోటును నేల మీది మొక్కే నింపింది చూడండి.

మన దేశపు సంగతులకు వచ్చేసరికి రచయిత్రి కలం ఇంకా వేడెక్కింది. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయం రాశాడు. పదహారు ద్రవ్యాలను నాలుగేసి చొప్పున, వేర్వేరు పాళ్ళలో కలిపితే 1,74,720 పరిమళాలు పుడతాయని అందులో లెక్క కట్టి, ఆ అమరికకు గంధార్ణవం అని పేరు పెట్టాడు. ఆ పదహారిటిలో కర్పూరం, అగరు, చందనం, వట్టివేరు, దవనంతోపాటు నఖం కూడా ఉంది. నఖమంటే సముద్రపు నత్త తన గుల్లకు వేసుకునే గట్టి మూత. అలాంటి గుల్లలను కాల్చి తీసే పొగవాసన తైలం ఈనాటికీ కన్నౌజ్ అత్తరు వర్తకంలో ఉంది. అంటే సముద్రాన్ని సుగంధంలోకి తెచ్చే ఆలోచన ఫ్రాన్సు నుంచి మనం అరువు తెచ్చుకున్నది కాదు. నత్త మూత పొగకు పక్కన దవనం ఆకు పెట్టిన మన పెద్దలు ఆ పని తమ పద్ధతిలో చేసే ఉన్నారు.

తెలుగు తీరం కథ మరీ ఆత్మీయం. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఓడవర్తకులకు భరోసా ఇస్తూ, రేవులో దిగే సరుకుల మీద సుంకాలు చెబుతుంది. చందనం, కర్పూరం, పన్నీరు, జవ్వాది, ఇతర సుగంధాలు, ముత్యాలు. ఆ రాతిస్తంభం ముందు నిలబడి చదువుకుంటే ఆ రేవు వాసన ఎలా ఉండేదో ఊహించుకోవచ్చునని రచయిత్రి అంటుంది. ఉప్పుగాలిలో కర్పూరం, తడి తాళ్ళ మధ్య చందనం! తర్వాత కొండవీటి రెడ్ల కాలంలో కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు ఏటేటా పరిమళద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయశెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు, ఏ దేశం నుంచి ఏ సరుకు ఆయన ఓడల్లో దిగేదో పద్యంలో వరస పెట్టాడు. సుగంధవర్తకుడికి కావ్యం అంకితమిచ్చిన భాష మనది. ఆ భాషలో ఈ పుస్తకం రావడానికి ఇంతకాలం పట్టింది.

అయితే ఆ పరిమళాలన్నీ ఎక్కడినుంచో వచ్చి మన రేవులో దిగినవి. మన ఒడ్డుకు సొంతమైనది మొగలి. రచయిత్రి ఉద్దానం పిల్ల. బారువ, కవిటి వైపు ఇసుకదిబ్బల వెంట మొగలిపొదల మధ్య తిరిగిన పిల్ల. చీరల పెట్టెలో మొగలిరేకులు పరిచిన ఇంట పెరిగింది. ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే, 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న, ఈనాటికీ బరంపురం వీధుల్లో తెలుగు వినిపించే ఆ ప్రాంతమే, మొగలి అత్తరుకు దేశంలోకెల్లా పెద్ద నిలయం. కేవడా అని పిలిచే గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మగమొక్క పూలకే ఆ పరిమళం. పొద్దు పొడవకముందే ముళ్ళు తప్పించుకుంటూ కోసి, వాడకముందే బట్టీకి చేరుస్తారు. డేగు అనే రాగి పాత్రలో పూలూ నీళ్ళూ పోసి, మూతకు మట్టి మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరిని నీళ్ళలో మునిగిన మరో పాత్రలోకి పంపుతారు. ఆ పాత్రలో ముందే పోసి ఉంచిన గంధపు తైలం పరిమళాన్ని పట్టుకుంటుంది. గంధం ధర ఆకాశాన్ని అంటాక చాలాచోట్ల దాని బదులు లిక్విడ్ పారఫిన్ పోస్తున్నారు. రచయిత్రి బట్టీ పక్కన కూచుని ఆ పని చూసింది. నిప్పు ఎప్పుడు తగ్గించాలో గొట్టాన్ని చేత్తో తాకి చెప్పే మేస్త్రీ గురించి ఆమె రాసిన పేరా ఒక్కటి చాలు, ఈ పుస్తకం కొన్న డబ్బు చెల్లిపోవడానికి.

మొగలి నూనెలో సింహభాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థానిది. దాని తీపి మొదటి క్షణంలో తల దిమ్మెక్కిస్తుంది. దాన్ని సముద్రపు సెంటుగా ఎవరూ లెక్కపెట్టలేదు. మిఠాయిల్లోకీ బిర్యానీలోకీ పంపేశారు. కానీ మొగలి పెరిగేది ఉప్పు ఇసుకలో, అల చప్పుడు వినిపించేంత దూరంలో. రోజ్‌మేరీ పాంతెల్లెరియాకు ఎంతో, మొగలి మన తీరానికి అంత. చివరి అధ్యాయంలో రచయిత్రి చేసిన ప్రయోగం ఇక్కడినుంచి పుట్టింది. మొగలి రవ్వంత, తీపి తెలియనంత. పుష్య మాఘాల్లో ఉద్దానం మీదుగా వీచే గాలిలో ఉండే జీడిమామిడి పూత తేనెవాసన. ఎండిన సరుగుడు ఆకు. పలాసలో జీడిగింజలు కాల్చేటప్పుడు లేచే ఘాటు నుంచి ఒక్క నీడ. ఉప్పుకు కలోన్, నిలకడకు క్లారీ సేజ్ నుంచి వచ్చిన అంబరు పదార్థం. ఆ సీసాకు ఆమె పేరు పెట్టలేదు, అంకె మాత్రమే వేసింది.

నేను ఆ సీసాతో చాలా రోజులు గడిపాను. మొదటి పావుగంట పచ్చిగా, కాస్త తగువులాడుతున్నట్టే ఉంటుంది. తేనెవాసన ముందుకు దూకుతుంది, మొగలి దాన్ని తోస్తుంది. గంట గడిచాక సర్దుకుంటాయి. అప్పుడు మణికట్టు దగ్గర ఉండేది సరుగుడు తోటలోంచి నడిచి ఇసుక మీదికి దిగిన వాసన. వేకువన నేలగాలి మీద తెప్ప తోసుకొని లోపలికి పోయిన మా జాలారిపేట పెద్దలు ఒడ్డు కనిపించని చోట కూడా నేల ఎటుందో గాలిని బట్టి చెప్పేవారు. ఆ సీసా వాసన చూపిస్తే వాళ్ళు గుర్తుపడతారని నా నమ్మకం. ఇది ఇంకా పూర్తయిన సెంటు కాదని రచయిత్రే అంటుంది. జీడిఘాటును ఇంకా తగ్గించాలి. అయినా తెలుగు ఒడ్డుకు తనదైన సముద్రపు సెంటు సాధ్యమేనని చూపడానికి ఈ ముడి రూపం సరిపోతుంది.

ఈ అధ్యాయాన్ని చదువుతూ నాకు దిగులు కూడా వేసింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయిన మర్నాడు విశాఖ అంతా విరిగిన కొమ్మల పసరు వాసనే. కైలాసగిరి దిక్కుకు చూస్తే పచ్చదనం లేదు. నాలుగేళ్ళకు 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడిమామిడినీ పడగొట్టింది. అంతకు ఐదేళ్ళ ముందు ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డెక్కి మొగలిపొదలను ఊడ్చిపెట్టింది. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది. మొగలిపొదల చోట రొయ్యల చెరువులూ, ఇళ్ళ స్థలాలూ వస్తే ఇక తిరిగి రావు. ఒక ఒడ్డు వాసనను రాసి పెట్టడం, సీసాలో పట్టి పెట్టడం వినోదం కోసం చేసే పని కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. బొమ్మలు తీసి దాచినట్టు వాసనను దాచే అలవాటు మనకింకా రాలేదు. ఈ అమ్మాయి మొదలుపెట్టింది.

రెండో ముద్రణ నాటికి మూడు పనులు చేయమని ఆమెను కోరుతున్నాను. గంజాం బట్టీల మేస్త్రీల మాటలు వాళ్ళ నోటి తీరులోనే, ఆ ఒరియా తెలుగు కలగలుపుతోనే, ఇంకా ఎక్కువ పేజీల్లో రావాలి. రసాయన పదార్థాల పేర్లు వచ్చినచోటల్లా అవి చర్మానికి సరిపడతాయా, ఎంత మోతాదు దాటకూడదు అన్నది సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పాలి. ఇంట్లో ప్రయోగాలు చేసే కుర్రవాళ్ళు ఈ పుస్తకం చదివి మొదలుపెడతారు కాబట్టి ఇది తప్పనిసరి. మూడోది, కాకినాడ నుంచి పులికాటు దాకా దక్షిణ తీరం ఈ పుస్తకంలో పలచగా ఉంది. కోరంగి మడ అడవుల బురద వాసన, పులికాటు ఉప్పునీటి సరస్సు వాసన, ఈతముక్కల ఉప్పుకొటార్ల వాసన ఎవరు రాస్తారు? ఆ ఊళ్ళు తిరగడానికి ఆమెకు ఓపికా ఆరోగ్యమూ ఉండాలని, ఆ అంకె వేసిన సీసాకు త్వరలో మంచి పేరు దొరకాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.

విశాఖపట్నం